ఎండ పడనివారికి ఎండ విటమిన్

మే నెలలో నూజివీడు తోటల్లో చిక్కం కట్టిన గెడలతో బంగినపల్లి, చిన్నరసాలు దించే కూలీలను చూసినవారెవరూ ఈ ఊళ్ళలో డి విటమిన్‌కు కొరత ఉంటుందనుకోరు. ఎండకేం కొదవ ఇక్కడ? ఆ కూలీల్లో ఒకామెకు లూపస్ వచ్చిందనుకోండి. ముక్కుకు అటూ ఇటూ బుగ్గలు ఎర్రగా కందుతాయి, కీళ్ళు పట్టేస్తాయి, ఒక్కోసారి మూత్రపిండాలూ దెబ్బతింటాయి. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలే ఒంటి మీదికి తిరగబడే జబ్బు ఇది. పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. "ఎండలోకి వెళ్ళకమ్మా" అంటాడు డాక్టరు, ఎండ తగిలితే జబ్బు తిరగబెడుతుంది గనుక. మరి ఎండకు దూరమైతే డి విటమిన్ ఎక్కడినుంచి రావాలి?

ఈ చిక్కుకు మొదలు ఎముకల దగ్గర ఉంది. పొగ కమ్మిన ఐరోపా పట్టణాల్లో పిల్లలకు రికెట్స్ అనే రోగంతో దొడ్డికాళ్ళు వచ్చేవి. 1919లో బెర్లిన్ వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ అలాంటి పిల్లలకు పాదరసపు దీపం వెలుగు పట్టించాడు. ఒక చేతికి మాత్రమే వెలుగు పట్టిస్తే రెండో చేతి ఎముకా బాగుపడింది! అంటే చర్మంలో తయారైనదేదో నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. అదే కాలంలో లండన్‌లో మెలన్‌బీ కుక్కపిల్లలకు అదే రోగం తెప్పించి, కాడ్ లివర్ ఆయిల్ పోసి నయం చేశాడు. ఒకరు వెలుగంటే ఇంకొకరు తిండి అన్నారు. ఇద్దరి మాటా నిజమే కావడంతో చిక్కు ఇంకా బిగిసింది.

ముడి కాస్త వదిలింది రంపపు పొట్టు వల్ల. 1923లో లండన్ లిస్టర్ సంస్థలో హ్యూమ్, స్మిత్ అనే ఇద్దరు మహిళలు ఎలుకలుండే గాజు జాడీలకు అతినీలలోహిత కాంతి పట్టించారు. ఎలుకలను పక్కన పెట్టి ఖాళీ జాడీలకు కాంతి పట్టించినా, తర్వాత వాటిలో ఉంచిన ఎలుకలు ఏపుగా పెరిగాయి. జాడీలోని గాలికే ఏదో శక్తి వచ్చిందని మొదట నమ్మారు. తీరా చూస్తే అడుగున పరిచిన పొట్టును ఎలుకలు కొరికి తింటున్నాయి. కాంతి పడి మారింది ఆ పొట్టు. మరుసటి ఏడే అమెరికాలో స్టీన్‌బాక్ ఆహారానికే కాంతి పట్టించి రికెట్స్‌ను నయం చేయవచ్చని చూపించాడు. పరాకుగా చూసేవారైతే ఆ పొట్టును ఊడ్చి పారేసేవారే.

వెలుగుతోనూ తిండితోనూ అందేది ఒకటే, డి విటమిన్. తర్వాత చాలాకాలం అది ఎముకల డాక్టర్ల సొత్తుగానే ఉండిపోయింది. కాలేయం దాన్ని ఒకసారి మారుస్తుందని, మూత్రపిండం రెండోసారి మార్చి పనికి దింపుతుందని 1970ల మొదటికల్లా తేలింది. ఆ చివరి మార్పు మూత్రపిండానికే చేతనవునని పుస్తకాలు రాసుకున్నాయి. 1981లో ఒక రోగి ఆ మాటకు అడ్డం తిరిగాడు. అతనికి సార్కాయిడోసిస్ అనే జబ్బు ఉంది, మూత్రపిండాలే లేవు, అయినా నెత్తురులో పనిచేసే డి విటమిన్ పుష్కలంగా ఉంది! రెండేళ్ళలో గుట్టు బయటపడింది. రోగనిరోధక సేనలోని మాక్రోఫేజ్ కణాలు దాన్ని సొంతంగా తయారుచేస్తున్నాయి. అదే 1983లో, తెల్లకణాల్లో డి విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు ఉన్నాయనీ తేలింది. నిద్రలో ఉన్న లింఫోసైట్లనే తెల్లకణాల్లో అవి కనబడలేదు, పోరుకు లేచినవాటిలో కనబడ్డాయి. ఎముకల విటమిన్‌కు రోగనిరోధకంతో ఏం పని అన్న ప్రశ్న అలా లూపస్ వైద్యుల గుమ్మం తొక్కింది.

2006లో అమెరికాలోని కరోలినా రాష్ట్రాల్లో కొత్తగా లూపస్ బయటపడినవారిని పరీక్షిస్తే, ఆరోగ్యవంతులకన్నా వాళ్ళలో డి విటమిన్ తక్కువ. అయితే చెట్టు ముందా, విత్తు ముందా? కొరత వల్ల జబ్బు వచ్చిందా, జబ్బుతో ఎండకు దాక్కోవడం వల్ల కొరత వచ్చిందా?

మరుసటి ఏడు తిరుపతి నుంచి వచ్చిన లెక్క లూపస్ మీద కాదు గానీ, మనకు అంతకన్నా దగ్గరిది. స్విమ్స్ ఆసుపత్రిలో సి.వి. హరినారాయణ్ బృందం ఏ జబ్బూ లేని మన పల్లెజనాన్నే పరీక్షించింది. మగవాళ్ళలో 44 శాతానికి, ఆడవాళ్ళలో 70 శాతానికి డి విటమిన్ లోపం! తిండిలో కాల్షియం తక్కువ. ఉన్న కాస్తనూ ధాన్యాల్లోని ఫైటేట్లు పట్టేసుకుంటాయి. కాల్షియం చాలనప్పుడు ఒంట్లోని డి విటమిన్ త్వరగా ఖర్చయిపోతుంది. దానికి తోడు మన తోటల్లో ఆడకూలీల వేషం చూడండి: చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా, తలకు గుడ్డ. ఎండనుంచీ సొననుంచీ కాచుకోవాలిగా. పైగా పనంతా చెట్టు నీడనే.

మందుగా ఇస్తే లూపస్ తగ్గుతుందా? 2013లో జాన్స్ హాప్కిన్స్‌లో మిషెల్ పెట్రీ 1,006 మంది రోగులను 128 వారాలు గమనించారు. డి విటమిన్ మట్టం పెరిగినవారిలో జబ్బు ఉద్ధృతీ, మూత్రంలో పోయే ప్రోటీనూ కొద్దిగా తగ్గాయి. ఆ ఫలితం ఓ మోస్తరుదేనని ఆవిడే రాశారు. రెండేళ్ళకు ఇంకో బృందం లూపస్ రోగులకు డి విటమిన్ 12 వారాలు ఇచ్చి చూస్తే, లూపస్‌కు గుర్తుగా నెత్తురులో కనిపించే ఇంటర్‌ఫెరాన్ జాడ ఏమాత్రం కదల్లేదు. 2022లో మాత్రం 25,871 మందిమీద అయిదేళ్ళకు పైగా సాగిన వైటల్ అనే పరీక్ష గట్టి కబురు తెచ్చింది. రోజుకు 2,000 యూనిట్ల డి విటమిన్ తీసుకున్నవారిలో, ఒళ్ళు తనమీద తనే తిరగబడే జబ్బులు కొత్తగా రావడం 22 శాతం తక్కువ. అయితే వాటిలో కీళ్ళవాతం, సోరియాసిస్ వంటివే ఎక్కువ. మాత్రలు మానేశాక రెండేళ్ళకల్లా ఆ తేడా చెరిగిపోయింది కూడా.

ఇప్పుడు లూపస్‌కు అసలు మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. డి విటమిన్ దాని పక్కన తోడు మాత్రమే. నెత్తురు పరీక్షలో లోపం తేలితే వారానికో 60,000 యూనిట్ల సాచెట్, పాలలో కలుపుకొని తాగమని రాస్తారు. రోజుకొకటి తాగేస్తే తొందరగా తగ్గుతుందనుకునేవాళ్ళున్నారు. అలా చేస్తే నెత్తురులో కాల్షియం మితిమీరి, లూపస్ ముందే కన్నేసిన మూత్రపిండాల మీదే దెబ్బ పడుతుంది.