ఊరి పేరు పెట్టుకొన్న జట్టు

కాలిబంతి అని తెలుగు చేయవచ్చును గాని, హైదరాబాదులో ఆ ఆటను ఎవ్వరూ ఏనాడూ అట్లా పిలువలేదు కనుక ఫుట్‌బాల్ అనే వ్రాస్తాను. ఈ నగరం పేరు చెప్పగానే నేటి యువతకు స్ఫురించేవి క్రికెట్టు, బ్యాడ్మింటను. ఇక్కడ ఒక ఫుట్‌బాల్ జట్టుకు అభిమానిగా నిలవడమంటే పిలవని పేరంటానికి వెళ్ళడమే. అయినా వెళ్ళినవారున్నారు. వారికేమి మిగిలిందన్నదే ఈ వ్యాసవిషయం.

ముందుగా సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచుకోవాలి. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పినవారు. మా వృత్తివాడన్న పక్షపాతం నాకు కొంత ఉన్నదని ఒప్పుకొంటాను. 1943లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించి, 1963 జూన్ 11న కన్నుమూసేవరకు వదలలేదు. ఆయన పద్ధతులలో బోధనానుభవం కనిపిస్తుంది. ఎడమకాలు బలహీనంగా ఉన్నవాళ్ళ కోసం బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారట. బంతిని తన వద్దే అట్టిపెట్టుకొని విన్యాసాలు చేయరాదనే నియమంతో మరికొన్ని పోటీలు. అక్షరాలు దిద్దించినట్లు ఆట దిద్దించినారన్నమాట.

ఫలితం? 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలోని రోవర్స్ కప్పు సిటీ పోలీసుదే. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పునూ తెచ్చుకొన్నది. కలకత్తా జట్లకున్న ధనబలం గాని, జనబలం గాని లేని కానిస్టేబుళ్ళ జట్టు అది. రహీం గారు భారత జట్టునూ తీర్చిదిద్ది 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు సాధించినారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో దేశం నాలుగవ స్థానంలో నిలిచినప్పుడు ఆ బృందంలో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడ నుండి వెళ్ళిన తులసీదాస్ బలరాం ఉన్నారు.

ఆ బలరామే 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయినారు. ఆయన ఒక్కరే కాదు. ఇక్కడ పండిన పంట కలకత్తా గాదెలకు చేరడం రివాజయింది. ఆటగాణ్ణి తప్పు పట్టలేము. ఒకవైపు పోలీసు శాఖ కొలువు, మరొకవైపు కలకత్తా మైదానపు కీర్తి. ఇంతలో 1956లో రాష్ట్రం మారింది. హైదరాబాద్ పేరుతో 1956-57, 1957-58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ గెలిచిన నగరమే 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచింది. పోలీసు జట్టుకూ పేరు మారింది. అభిమానిని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఆ జట్టు ఒక ప్రభుత్వశాఖది. జట్టుమీద మనకు ప్రేమే కాని హక్కు లేదని ఆనాటివారు గుర్తించినారో లేదో చెప్పలేను.

తరువాతి దశాబ్దాలను త్వరగా దాటవచ్చు, దాటకపోతే దుఃఖమే.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుణె నగరపు జట్టు మూతపడగా, ఆ స్థానంలో ఇండియన్ సూపర్ లీగులోకి వచ్చింది. మనకు పండుగ, పుణె అభిమానికి మైల. ఆ సంగతి అప్పుడు ఎందరికి తట్టిందో! తొలి ఏడు పదిజట్లలో పదవ స్థానం. పిదప కరోనా మూలంగా రెండేళ్ళు ఆటలన్నీ గోవాలోనే. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో గెలిచి జట్టు విజేత అయినది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపినాడు. కాని సొంత ఊరి ప్రేక్షకుడు ఆ ఏడాది ఒక్క ఆటనూ గచ్చిబౌలిలో చూడలేదు. తరువాతి ఏడు రెండవ స్థానం. ఆ పైన జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను చేర్చుకోరాదన్న నిషేధం. 2023-24లో ఇరవైరెండు ఆటలకు ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు.

ఆ ఏడాది కూడా గ్యాలరీకి వెళ్ళినవారే నా దృష్టిలో అభిమానులు. కప్పు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టడానికి ఏమి శ్రమ? 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. ఆరేళ్ళ క్రితం పుణెకు జరిగినదే మనకూ జరిగింది.

ఇట్టిదే ఇంగ్లండులో వింబుల్డన్ జట్టుకు సంభవించింది. 1988లో బలాఢ్యమైన లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచిన, పెద్దలెవ్వరూ లెక్కచేయని జట్టు అది. 2002 మే 28న దానిని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి లభించింది. అభిమానులు కొన్ని వారాలలోనే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ స్థాపించి, ఊరి ఉమ్మడి మైదానంలో ఆటగాళ్ళను ఎంపిక చేసుకొన్నారు. అట్టడుగు లీగులనుండి మొదలుపెట్టి 2011లో ఫుట్‌బాల్ లీగుకు ఎక్కినారు; 2020లో తమ పాత పేటకు, ప్లవ్ లేన్‌కు తిరిగి వచ్చినారు. జట్టు అభిమానుల సంఘం చేతిలో ఉండడం చేత అది సాధ్యమైనది.

మనకు ఆ సంఘమూ లేదు, ఆ లీగుల నిచ్చెనా సరిగా లేదు. మొదట శాఖ, తరువాత కంపెనీ. ఊరికి మిగిలినది పేరు మాత్రమే. రోవర్స్ కప్పు 2000-01 తరువాత జరగనేలేదు. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో పోయినారు. 2021-22 విజేత అన్న గడిలో మాత్రం హైదరాబాద్ అనే వ్రాసి ఉన్నది. ఇప్పుడు ఆ పసుపు చొక్కాను పెట్టెలోంచి తీసి ఢిల్లీ జట్టు ఆడుతుంటే తొడుక్కోవడమా, మానడమా అన్నది దానిని కొనుక్కొన్నవారే తేల్చుకోవలసిన మాట.