మనమెవరు? మేమెవరు?

బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల కింద వరి మాగాణి విస్తరించింది. ఆ సేద్యం ఆసామి భూమి మీద, పాలేరు రెక్కల మీద నడిచింది. ఆ రోజుల్లో ఒక ఆసామి పాలేరుతో, "మన చేలోకి నీళ్ళొచ్చాయి, రేపు నారు తియ్యాలిరా" అన్నాడనుకుందాం. ఈ 'మన' ఎవరు?

వ్యాకరణం చెప్పే జవాబు సులభం. వినేవాణ్ణి కలుపుకొంటే 'మనము', వదిలేస్తే 'మేము'. ఈ భేదం మూలద్రావిడం నాటిదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. తమిళం నేటికీ దాన్ని నిలుపుకొంది. నేటి కన్నడంలో రెంటికీ 'నావు' ఒక్కటే.

అమెరికన్ తాత్త్వికుడు డేవిడ్ కాప్లాన్ 1977లో రాయగా 1989లో అచ్చయిన వ్యాసం ఇలాంటి మాటల అర్థాన్ని రెండుగా విడదీసింది. ఒకటి మారని సూత్రం: 'నేను' అంటే పలికే మనిషి. రెండవది, పలికిన సందర్భాన్నిబట్టి తేలే వ్యక్తి. అన్ని సర్వనామాలూ ఇలా వేలెత్తి చూపవు. "ప్రతి కూలీ తన కూలి అడిగాడు" అన్నప్పుడు 'తన' ఏ ఒక్కరినీ సూచించదు. కూలీ కూలీకీ మారుతుంది.

సరే, సూత్రం ప్రకారం 'మన'లో పాలేరు చేరాడు. మరి చేను అతనిదైందా? కాలేదు. 'మన చేను' అన్నప్పుడు మనకూ చేనుకూ ఉన్నది యాజమాన్యమో, చాకిరో విభక్తి చెప్పదు. దాన్ని సందర్భమే పూరించాలి. ఆ సందర్భమో, పట్టా ఎవరి పేరనున్నదో ఎరిగినది! అందుకే నాట్లనాడు 'మన చేను' అయినది, నూర్పిళ్ళనాడు 'మా ధాన్యం' కాగలిగింది.

'వాడు', 'అతను', 'ఆయన' అనే మాటలూ ఒకే మనిషిని సూచించవచ్చు. మనిషి మారడు, అంతస్తు మారుతుంది. అరవయ్యేళ్ళ పాలేరును ఆసామి కొడుకు 'వాడు' అన్నప్పుడు ఆ మాట వయసును చూడలేదు, భూమిని చూసింది. అయితే 'ఆయన' అన్నంతమాత్రాన ఒక్క సెంటు భూమి చేతులు మారదు. మాటను దిద్దితే చాలుననుకోవడం భ్రమ.

మరి మారేదేమిటి? మాట్లాడుకునేవారి కూడిక. 1930లలో పుచ్చలపల్లి సుందరయ్య ప్రభృతులు ఆంధ్రలో వ్యవసాయ కూలీలను సంఘాలుగా కూడగట్టారు. కూలీల సభలో కూలీ 'మనం' అంటే, నిఘంటువులో అక్షరం మారకుండానే ఆసామి ఆ మాటలోంచి తొలగిపోయాడు. ఆ 'మనమే' కూలిరేటు అడగడానికి ఆసామి వాకిట నిలబడినప్పుడు 'మేము' అయింది. సూత్రం పాతదే. దానికి కొత్త అర్థమిచ్చింది ఆ నిలబడడం.