మిత్రమేళము: జార్జి హారిసన్ పాటల సంపుటము

1970 నవంబరులో వెలువడిన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అను పాటల సంపుటమును గూర్చి ముచ్చటింపదలచితిని. సర్వమును గడచిపోవునని దాని యర్థము.

కర్త జార్జి హారిసన్. 1943లో లివర్‌పూలు రేవుపట్టణమున జన్మించెను. బీటిల్సను మేళమున గిటారు వాయించెను. అచట పెద్దపీట లెన్నన్, మెకార్ట్నీల రచనలకే. ఒక్కొక్క సంపుటమున సాధారణముగా రెండు పాటలకు మించి యీతనికి చోటు దక్కెడిది కాదు. తక్కినవి మూటగట్టి యుంచుకొనెను.

1970లో మేళము విడిపోగా నా మూట విప్పెను. ఎరిక్ క్లాప్టన్ గిటారుతో, బిల్లీ ప్రెస్టన్ ఆర్గనుతో, పాత సహచరుడు రింగో స్టార్ డ్రమ్ములతో లండను స్టూడియోకు వచ్చిరి. మొదటి పాట హారిసను బాబ్ డిలనుతో కలసి కట్టినది. పాటలే రెండు రికార్డులు నిండెను. మిత్రులు తోచినట్లు వాయించిన గోష్ఠి మూడవదానికి చాలెను. దానిని నేను రెండుమార్లకంటె వినజాలనైతిని. వాయించినవారికే యది యెక్కువ రుచించి యుండును.

'మై స్వీట్ లార్డ్' అను పాట యన్ననో, వేరుమాట. వంతపాడువారు తొలుత క్రైస్తవుల 'హల్లెలూయా' యందురు; వినువాడు తల యూచుచుండగనే యది 'హరే కృష్ణ'గా మారును. పిదప మన బడిపిల్లలెరిగిన గురుస్తుతి శ్లోకమును వినవచ్చును! ఇంగ్లండునను అమెరికాలోను అది ప్రథమస్థానము నందెను. అయినను, 1963 నాటి వేరొక పాట వరుసను హారిసను తానెరుగకయే గ్రహించెనని 1976లో న్యూయార్కు న్యాయస్థానము తీర్పు చెప్పెను.

అంతకుముందే, 1971 ఆగస్టు 1వ తేదీన, సితారు విద్వాంసుడు రవిశంకర్ కోరగా, బంగ్లాదేశ్ కాందిశీకులకై న్యూయార్కున కచేరీ జరిగెను. క్లాప్టన్, ప్రెస్టన్, రింగో, డిలన్ నలుగురును హారిసను ప్రక్కన నిలచిరి.