ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు స్కీమా పరీక్షలో తప్పిందా? ముందు నేమ్‌స్పేస్ చూడండి

ఫైలు తెరిస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ట్యాగులు సక్రమంగా మూసి ఉంటాయి, అంకెలూ సరిపోతాయి. అయినా వ్యాలిడేషన్ టూల్ మాత్రం ‘ఈ ఎలిమెంట్ నాకు తెలియదు’ అంటుంది. స్కీమాతో సరిచూసేటప్పుడు ఎదురయ్యే ఇలాంటి చిక్కుల్లో చాలావాటికి మూలం నేమ్‌స్పేస్. దిల్లీలోని ప్రభుత్వ వ్యవస్థలకు ఫైళ్లు పంపే నోయిడా, గురుగ్రామ్ సాఫ్ట్‌వేర్, అకౌంటింగ్ ఉద్యోగులకు ఇది కేవలం సాంకేతిక సమస్య కాదు. కంపెనీ ఆర్థిక నివేదికలను ఏఓసీ-4 ఎక్స్‌బీఆర్‌ఎల్ ఫారంతో వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 30 రోజుల్లో దాఖలు చేయాలి. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున అదనపు రుసుము పడుతుంది.

నేమ్‌స్పేస్ అంటే ఏమిటి?

మన ఇంటిపేరు లాంటిదే. ఒకే ఆఫీసులో ఇద్దరు శ్రీనివాస్‌లు ఉంటే ఇంటిపేరుతో గుర్తుపడతాం. అలాగే రెండు వేర్వేరు పదజాలాల్లో ‘నేమ్’ అనే ఎలిమెంట్ ఉంటే, ఏది ఎవరిదో నేమ్‌స్పేస్ చెబుతుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1998లో ప్రమాణమైంది. నేమ్‌స్పేస్ నిబంధనలు 1999లో, స్కీమా ప్రమాణం 2001లో వచ్చాయి.

నేమ్‌స్పేస్ చూడటానికి వెబ్ చిరునామాలా ఉంటుంది కానీ, దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే ఏమీ రాకపోవచ్చు. అది పేరు మాత్రమే. ఎలిమెంట్ ముందు కనిపించే ప్రిఫిక్స్ ఆ పేరుకు ఆ ఫైలులో పెట్టుకున్న పొట్టి పేరు. ప్రిఫిక్స్ మారినా స్కీమా పరీక్షకు ఇబ్బంది లేదు. అసలు నేమ్‌స్పేస్‌లో ఒక్క అక్షరం మారినా ఇబ్బందే.

దిల్లీ వ్యవస్థల్లో ఎక్కడ ఎదురవుతుంది?

కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2010-11 ఆర్థిక సంవత్సరం నుంచి నిర్దిష్ట కంపెనీలకు ఎక్స్‌బీఆర్‌ఎల్ తప్పనిసరి చేసింది. ఇందులో ప్రతి లెక్కా ఒక ట్యాక్సానమీ నేమ్‌స్పేస్‌కు చెందుతుంది. ట్యాక్సానమీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నేమ్‌స్పేస్ కూడా మారుతుంది. పోయినేడాది ఫైలునే మార్చి వాడితే ఇక్కడే దెబ్బతింటారు.

ఆదాయపు పన్ను రిటర్నులు 2020-21 అసెస్‌మెంట్ సంవత్సరం వరకు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే వెళ్లేవి. ప్రధాన భాగానికి, ఆయా ఫారానికి, ఉమ్మడి వివరాలకు వేర్వేరు నేమ్‌స్పేస్‌లు ఉండేవి. ఆ తర్వాతి ఏడాది నుంచి జేసన్ వచ్చింది.

ఆధార్ ధ్రువీకరణలో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 510 కోడ్ ఇస్తే బయటి ఆథ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపం తప్పు అని, 511 ఇస్తే లోపలి పిడ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ తప్పు అని అర్థం. పిడ్ భాగం ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది. కాబట్టి 511 వచ్చినప్పుడు పంపిన ఫైలు చూసి లాభం లేదు, ఎన్‌క్రిప్ట్ చేయకముందు ఉన్న రూపాన్ని పరీక్షించాలి.

తరచూ జరిగే తప్పులు

1. అక్షరం తేడా: నేమ్‌స్పేస్‌లను అక్షరానికి అక్షరం పోల్చుతారు. చివర గీత ఎక్కువైనా, ‘హెచ్‌టీటీపీ’ బదులు ‘హెచ్‌టీటీపీఎస్’ రాసినా, చిన్న అక్షరం పెద్దదైనా అది వేరే నేమ్‌స్పేసే. వెర్షన్ సంఖ్యను ఊహించి మార్చడమూ ఇలాంటిదే. ఆధార్ ఆథ్ 1.6 వెర్షన్‌లో నేమ్‌స్పేస్ చివర 1.0 అనే ఉండేది.

2. లోపలి ఎలిమెంట్లు: స్కీమాలో ‘ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్’ అనే సెట్టింగ్ ఉంటుంది. అది ‘క్వాలిఫైడ్’ అయితే లోపలి ఎలిమెంట్లకూ నేమ్‌స్పేస్ ఉండాలి. ఏమీ రాయకపోతే ‘అన్‌క్వాలిఫైడ్’ అని లెక్క. అప్పుడు లోపల నిర్వచించిన ఎలిమెంట్లకు నేమ్‌స్పేస్ ఉండకూడదు. అలాంటి స్కీమాకు రాసిన ఫైలులో మూల ఎలిమెంట్‌కు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ పెడితే అది పిల్లలందరికీ సంక్రమించి ఫైలు తప్పుతుంది. మూలానికి ప్రిఫిక్స్ వాడితే సరిపోతుంది.

3. ఆట్రిబ్యూట్లు: డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఎలిమెంట్లకే వర్తిస్తుంది. ప్రిఫిక్స్ లేని ఆట్రిబ్యూట్ ఏ నేమ్‌స్పేస్‌కూ చెందదు.

4. స్కీమాలొకేషన్: ఇందులో విలువలు జంటలుగా ఉండాలి. ముందు నేమ్‌స్పేస్, తర్వాత స్కీమా ఫైలు. ఒక్క ఫైలు పేరే రాసి వదిలేయడం సాధారణ పొరపాటు. నేమ్‌స్పేస్ లేని స్కీమాకు ‘నోనేమ్‌స్పేస్‌స్కీమాలొకేషన్’ వాడాలి.

5. ఇంపోర్ట్, ఇంక్లూడ్: వేరే నేమ్‌స్పేస్ స్కీమాను తెచ్చుకోవడానికి ఇంపోర్ట్, అదే నేమ్‌స్పేస్‌లోని మరో ఫైలు కలుపుకోవడానికి ఇంక్లూడ్. ఒకే నేమ్‌స్పేస్‌ను రెండు ఫైళ్ల నుంచి ఇంపోర్ట్ చేస్తే కొన్ని పార్సర్లు రెండోదాన్ని పట్టించుకోవు. రెండింటినీ ఇంక్లూడ్ చేసే ఒక ఫైలు రాసి, దాన్ని ఇంపోర్ట్ చేయడం మేలు.

6. విలువలో దాగిన ప్రిఫిక్స్: ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో రూపాయి యూనిట్‌ను కరెన్సీ కోడ్ల ప్రిఫిక్స్‌తో కలిపి ఎలిమెంట్ విలువగా రాస్తారు. ట్యాగుల్లో ఎక్కడా కనిపించదు కాబట్టి ‘వాడని’ ప్రిఫిక్స్‌లను తొలగించే టూల్ దాన్ని తీసేయవచ్చు. అప్పుడు యూనిట్‌కు అర్థం ఉండదు.

7. ప్రోగ్రామ్ లోపాలు: జావాలో డాక్యుమెంట్ బిల్డర్ ఫ్యాక్టరీ మామూలుగా నేమ్‌స్పేస్‌లను పట్టించుకోదు, ఆ సౌకర్యాన్ని మనమే ఆన్ చేయాలి. కోడ్‌లో ఎలిమెంట్‌ను సృష్టించేటప్పుడు నేమ్‌స్పేస్ ఇవ్వకపోతే ఫైలులో ఆ ఎలిమెంట్ దగ్గర ఖాళీ నేమ్‌స్పేస్ ప్రకటన చేరుతుంది. అలాంటిది కనిపిస్తే తప్పు డేటాలో లేదు, కోడ్‌లో ఉంది.

ఎర్రర్‌ను ఎలా చదవాలి?

జావా జెర్సెస్ పార్సర్ ‘సీవీసీ-ఈఎల్‌టీ.1’ అని చూపితే మూల ఎలిమెంట్‌కు స్కీమాలో నిర్వచనం దొరకలేదని అర్థం. ముందు ఒకటి, నాలుగు తప్పులు చూడండి. ‘సీవీసీ-కాంప్లెక్స్-టైప్.2.4.ఎ’ వస్తే ఆ చోట ఊహించని ఎలిమెంట్ వచ్చిందని. వచ్చిన పేరూ, ఆశించిన పేరూ ఒకటే అయితే తేడా నేమ్‌స్పేస్‌లోనే ఉంటుంది, రెండో తప్పు చూడండి. పేర్లే వేరైతే వరస తప్పిందనో, ఎలిమెంట్ లోపించిందనో అనుకోవాలి.

ఎర్రర్ రాకపోవడం అన్నిటికన్నా ప్రమాదం. డాట్‌నెట్‌లో ఫైలు నేమ్‌స్పేస్‌కు సరిపోయే స్కీమా దొరక్కపోతే అది హెచ్చరిక మాత్రమే. హెచ్చరికలు చూపమని కోరకపోతే, అసలు పరీక్షే జరగని ఫైలు ‘పాస్’ అయినట్లు కనిపిస్తుంది. కావాలని ఒక తప్పు ఎలిమెంట్ పెట్టి చూడండి. అప్పటికీ పాస్ అంటే పరీక్ష జరగడం లేదన్నమాట.

ఏ వరసలో సరిచూడాలి?

మొదట స్కీమా లేకుండా ఫైలు నిర్మాణం సరిగా ఉందో లేదో చూడండి. తర్వాత స్కీమాలోని టార్గెట్ నేమ్‌స్పేస్‌ను కాపీ చేసి, ఫైలులో ఉన్నదానితో పోల్చండి. కంటితో పోల్చొద్దు, ఎడిటర్‌లో వెతకండి. ఆపై ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్, స్కీమాలొకేషన్, ఇంపోర్ట్‌లు చూడండి. అయినా తేలకపోతే మూల ఎలిమెంట్, ఒకే ఒక్క పిల్ల ఎలిమెంట్ ఉన్న చిన్న ఫైలు చేసి, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ వంటి మరో టూల్‌తో పరీక్షించండి. రెండు టూల్స్ ఒకే మాట చెబితే తప్పు ఫైలులోనో, స్కీమాలోనో ఉంది. వేర్వేరుగా చెబితే టూల్ సెట్టింగులు చూడాలి.

డిజిటల్ సంతకం చేశాక మాత్రం ఏదీ సవరించకండి. స్కీమా దృష్టిలో ప్రిఫిక్స్ మార్పు పెద్ద విషయం కాకపోయినా, సంతకం లెక్కలో అది భాగమే. ప్రిఫిక్స్ మారిస్తే స్కీమా పరీక్ష నెగ్గిన ఫైలు సంతకం పరీక్షలో ఓడిపోతుంది. సరిచేయడం, వ్యాలిడేట్ చేయడం, ఆ తర్వాతే సంతకం. గడువు రోజున కూడా ఈ వరస తప్పకూడదు.