దంతంలాంటి కర్ర – మన అంకుడు

మా హాస్టల్ పిల్లలతో పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లినప్పుడు ఏనుగు దంతపు వస్తువుల దగ్గర అందరం ఆగిపోయాం. "మేడమ్, ఇది మా ఊరి అంకుడు కర్రలా ఉంది" అంది ఒక పాప. కొందరు నవ్వారు. నవ్వాల్సిన మాట కాదది. కలప వ్యాపారంలో అంకుడును ఐవరీ వుడ్, అంటే దంతపు కర్ర, అనే పిలుస్తారు.

తెల్లగా ఉన్నదల్లా అంకుడు కాదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి చాలా తేలిక. గోరుతో నొక్కితే నొక్కు పడుతుంది. అంకుడు గట్టిది, నున్నటిది. అడవిలో మనల్ని తికమక పెట్టేది కొడిసెపాల. రెండింటికీ పాలు కారతాయి, రెండింటికీ జంట కాయలే. అంకుడు లేత కాయల కొనలు కలిసి ఉంటాయి, కొడిసెపాల కాయలు విడివిడిగా వేలాడతాయి.

అంకుడు పోగు సన్నన, అంతటా ఒకేలా ఉంటుంది. అందుకే లేత్ మీద తిప్పి ఉలి పెడితే పెచ్చులూడదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఈ కర్రతోనే లక్కబొమ్మలు చేస్తారు. తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ చెట్టు ఆకుల నుంచి నీలిరంగు కూడా వస్తుంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఆ రంగు తీసే పద్ధతిని రాసిపెట్టాడు. ఇప్పటి శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. మొదటి మాట విలియం రైట్ అనే స్కాట్లాండ్ వైద్యుడి పేరు, రెండోదానికి రంగునిచ్చేదని అర్థం. తరతరాలుగా ఆ చెట్టుతో బతికిన కొండవాళ్ల మాట అందులో లేదు.

మ్యూజియం నుంచి లాడ్ బజార్‌కు నడిచాం. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మోదుగ, రేగు కొమ్మల మీద పెరిగే లక్కను గీసి తెచ్చే చేతుల్లో మనవీ ఉన్నాయని అక్కడే పిల్లలకు చెప్పాం.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అంకుడు చెట్టు చూపించమని తాతను అడగండి. మన భాషలో దాని పేరేమిటో రాసుకోండి. కొట్టినా మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టది. పేరు అలా కాదు. పలికేవాళ్లు పోతే పేరూ పోతుంది.