పదకొండు ఓట్లు

2004 ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు, కోవెలకుంట్ల దగ్గరి మా ఊళ్లో పెదనాయన అన్న మాట నాకింకా గుర్తు. "మన బూతులో అవతలోళ్లకి పదకొండు ఓట్లు పడినాయి. ఎవురబ్బా ఆ పదకొండు మంది?" అరుగు మీద కూర్చున్నవాళ్లెవరూ మాట్లాడలేదు.

మా వైపు 'పార్టీ' అంటే ముందు ఊళ్లో ఏ పెద్దమనిషి వెనక ఉన్నావనే. జెండా తర్వాతి సంగతి. కర్నూలు, కడప జిల్లాల్లో కక్షలు నాటుబాంబులతో సాగిన దశాబ్దాల్లో కూడా ఎన్నికలు ఆగలేదు. కాకపోతే చాలా ఊళ్లలో ఓటు వేసే చెయ్యి ఓటరుది కాదు. బూతు చేతికి చిక్కితే బ్యాలెట్ కాగితాలు చింపి, ముద్ర గుద్ది, పెట్టెలో కుక్కడమే.

1989లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. బూతుల ఆక్రమణని ప్రత్యేక నేరం చేసిందీ, ఓటింగ్ యంత్రానికి చోటిచ్చిందీ ఆ ఒక్క సవరణే. 2004కి మొత్తం 543 లోక్‌సభ స్థానాల్లోనూ ఈవీఎంలే. అప్పటి యంత్రం నిమిషానికి 5 ఓట్లకి మించి తీసుకోదు. మా ఆఫీసులో దీన్ని రేట్ లిమిటింగ్ అంటాం. వెయ్యి దొంగ ఓట్లు వెయ్యాలంటే మూడు గంటలు పైనే పడుతుంది. ఈలోపు అధికారి క్లోజ్ బటన్ నొక్కితే అంతే సంగతులు.

కానీ బ్యాలెట్ కాలంలో ఇంకో ఏర్పాటు ఉండేది. ఓటర్లని బెదిరిస్తారన్న భయం ఉన్న నియోజకవర్గాల్లో, బూతుల కాగితాలన్నీ కలిపేశాకే లెక్కపెట్టమని ఎన్నికల సంఘం ఆదేశించవచ్చు. ఏ ఊరు ఎటు వేసిందో తెలియకుండా. ఈవీఎం అలా కాదు, ఏ బూతు లెక్క ఆ బూతుదే. మా దగ్గర బూతంటే ఊరే, ఒక్కోసారి ఊళ్లో నాలుగు వీధులు. దౌర్జన్యం చేసే చేతిని కట్టేసిన యంత్రమే, దాని కంటికి దారి చూపించింది.

ఇది ఎవరూ గమనించని లోపమేం కాదు. 14 యంత్రాల ఓట్లని ఒకేసారి కలిపి చూపించే టోటలైజర్‌ని 2008లోనే ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ సిఫారసు చేసింది. 2018లో కేంద్రం సుప్రీంకోర్టులో వద్దంది. బూతుల వారీ లెక్కలుంటే, తాము ఇంకా ఎక్కడ పనిచేయాలో పార్టీలకి తెలుస్తుందన్నది వాదన.

నిజమే, తెలుస్తుంది. పెదనాయనకీ తెలిసింది.

ఆ పదకొండులో ఒక ఓటు మా పెద్దమ్మది. పెదనాయన పోయినాక గానీ ఆ మాట పైకి అనలేదు. అన్నప్పుడు కూడా, లేచి తలుపు దగ్గరికి వేసొచ్చి మరీ అనింది.