తాతముత్తాతల వివరాలు కావాలా? ఏ రికార్డు ఎక్కడ దొరుకుతుంది.. డీఎన్‌ఏ పరీక్ష ఎంతవరకు పనికొస్తుంది?

తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు కొందరికి గుర్తుంటుంది. ఆయన తండ్రి పేరేంటని అడిగితే మాత్రం చాలా ఇళ్లలో సమాధానం ఉండదు. వారసత్వ భూమి తగాదా వచ్చినప్పుడో, విదేశాల్లో పుట్టిన బంధువు ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసినప్పుడో, కుటుంబంలో ఒకే జబ్బు మళ్లీమళ్లీ కనిపిస్తోందని డాక్టర్ ఆరా తీసినప్పుడో ఆ పేర్ల అవసరం తెలిసివస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ వివరాలను ఎక్కడ వెతకాలో చూద్దాం.

ఇంట్లోనే మొదలుపెట్టాలి

ముందుగా ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. పేర్లతో పాటు ఊరు, పాత తాలూకా, ఎవరు ఎవరికి ఇల్లరికం వెళ్లారు, ఎవరిని దత్తత ఇచ్చారు అన్నవీ అడగండి. దత్తత వెళ్లినవారికి ఇంటిపేరు, గోత్రం మారతాయి కాబట్టి రికార్డుల్లో జాడ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

తద్దినాలు పెట్టే కుటుంబాల్లో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పే ఆనవాయితీ ఉంటుంది. అంటే మూడు తరాలు అక్కడే దొరుకుతాయి. క్రైస్తవ కుటుంబాలకు చర్చిల్లోని బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలకు ఖాజీల వద్ద ఉండే నిఖా రిజిస్టర్లు ఆధారం.

జనన, మరణ రికార్డులు

జనన మరణాల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో వచ్చింది. పాత నమోదుల్లో చాలాచోట్ల బిడ్డ పేరు ఉండదు. మగశిశువు, ఆడశిశువు అని మాత్రమే రాసి ఉంటుంది. కాబట్టి తండ్రి పేరు, ఊరు, సంవత్సరంతో వెతికించాలి. అక్కడ దొరక్కపోతే చదివిన బడిలోని అడ్మిషన్ రిజిస్టర్ చూడాలి. అందులో పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉంటాయి.

భూమి ఉంటే జాడ ఉన్నట్టే

మన దగ్గర వంశవృక్షానికి గట్టి ఆధారాలు భూమి రికార్డులే. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ కీలకం. ఏ సర్వే నంబరులో పట్టాదారు ఎవరు, సాగు చేస్తున్నదెవరు అన్నది అందులో ఉంటుంది. అంతకుముందు నిజాం కాలపు సేత్వార్ వంటి పత్రాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. చదివి చెప్పేవారి సాయం తీసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలకు రీసర్వే రిజిస్టర్ (ఆర్‌ఎస్‌ఆర్), పాత అడంగళ్లు ఆధారం.

పట్టాదారు చనిపోయాక భూమి వారసుల పేరిట మార్చిన ఫైలు దొరికితే పని సులువవుతుంది. తెలంగాణలో దీన్ని విరాసత్ అంటారు. ఒక తరం నుంచి మరో తరానికి ఎవరెవరు వారసులో అందులో స్పష్టంగా ఉంటుంది.

ఇప్పటి వివరాలు మీభూమి, భూభారతి పోర్టళ్లలో చూడొచ్చు. పాతవాటి ధ్రువీకృత నకళ్లకు తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. ఇక్కడో జాగ్రత్త అవసరం. మండలాలు ఏర్పడింది 1985లో. తర్వాత తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. కాబట్టి మీ ఊరు అప్పట్లో ఏ తాలూకా, ఏ జిల్లాలో ఉండేదో ముందే తెలుసుకుని వెళ్లండి.

దస్తావేజుల్లో ఆడవాళ్ల పేర్లు

పట్టాల్లో అమ్మమ్మలు, నానమ్మల పేర్లు అరుదు. వాళ్ల జాడ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరకొచ్చు. పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమికి రాసిన దస్తావేజుల్లో ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు మూడూ ఉంటాయి. భాగపంపకాల పత్రాల్లో అన్నదమ్ముల పేర్లు వరుసగా కనిపిస్తాయి. 1983 నుంచి ఉన్న లావాదేవీల ఈసీని ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అంతకుముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే.

జనాభా లెక్కల్లో మాత్రం వెతకలేం. అమెరికాలో 72 ఏళ్లు దాటిన జనగణన పత్రాలను బయటపెడతారు. మన దేశంలో 1948 నాటి చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు గోప్యం. ఆర్‌టీఐ కింద అడిగినా ఇవ్వరు.

ఆర్కైవ్స్, వలస రికార్డులు

నిజాం పాలన నాటి పత్రాలకు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీ నాటివాటికి చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

కూలీలుగా సముద్రం దాటినవారి వివరాలు మాత్రం ఆశ్చర్యపరిచేంత పక్కాగా ఉంటాయి. 1860 నవంబరులో మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలై 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లినవారి జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా నమోదయ్యాయి. మారిషస్ వలస రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. తెల్లదొరల గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్నారు కాబట్టి ఊరి పేరును నాలుగైదు రకాలుగా పలికి చూసుకోవాలి.

నోటి మాటగా నిలిచిన వంశచరిత్రలూ ఉన్నాయి. వంశరాజులు, భట్రాజులు, సాధనాశూరుల వంటివారు తరతరాలుగా కొన్ని కులాల గోత్రాలు, కథలు చెబుతూ వచ్చారు. విన్నది రాసుకుని, పత్రాలతో సరిచూసుకోవాలి.

డీఎన్‌ఏ పరీక్ష ఏం చెబుతుంది?

ఇవి ప్రధానంగా మూడు రకాలు. వై క్రోమోజోమ్ పరీక్ష తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వరుసను, మైటోకాండ్రియా పరీక్ష తల్లి వైపు వరుసను చూపిస్తాయి. ఎక్కువమంది చేయించుకునే ఆటోసోమల్ పరీక్ష రెండు వైపుల బంధువులనూ పోలుస్తుంది. తాత, అమ్మమ్మల్లో ఒక్కొక్కరి నుంచి మనకు సగటున 25 శాతం డీఎన్‌ఏ వస్తుంది. పెదనాన్న, పిన్ని పిల్లలతో సుమారు 12.5 శాతం కలుస్తుంది.

అయితే ఈ లెక్కలు మన దగ్గర తేడా కొడతాయి. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు, తరతరాలుగా ఒకే కులంలో సంబంధాలు.. వీటివల్ల దూరపు చుట్టాలకు కూడా ఎక్కువ డీఎన్‌ఏ కలుస్తుంది. కంపెనీ నివేదికలో దగ్గరి బంధువుగా కనిపించిన వ్యక్తి నిజానికి నాలుగైదు తరాల అవతలివారు కావొచ్చు. పైగా ఆ కంపెనీ డేటాబేస్‌లో ఉన్నవారితోనే పోలిక జరుగుతుంది. ఊరి పేరు, పూర్వీకుల పేర్లు డీఎన్‌ఏలో ఉండవు. వాటికి పత్రాలే దిక్కు.

పరీక్షకు ముందు ఇవి గుర్తుంచుకోండి

* మీ డీఎన్‌ఏ మీ ఒక్కరిదే కాదు. అన్నదమ్ములు, పిల్లల సమాచారం కూడా అందులో ఉంటుంది. ఇంట్లో చెప్పి చేయించుకోండి.
* దాచిపెట్టిన దత్తత, తెలియని సంతానం వంటివి బయటపడొచ్చు. అందుకు సిద్ధమా అని ముందే ఆలోచించుకోండి.
* 23అండ్‌మీ కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం హ్యాకర్ల చేతికి చిక్కింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. శాంపిల్, డేటా తొలగించమని కోరే వీలుందో లేదో చూశాకే డబ్బు కట్టండి.
* ఆస్తి తగాదాల్లో ఇంటికి తెప్పించుకున్న కిట్ నివేదికను నమ్ముకోవద్దు. శాంపిల్ ఎవరిదో నిర్ధారించేవారు లేకుండా ఇచ్చిన నివేదిక అది. కోర్టు ఆదేశంతో జరిగే పరీక్ష వేరు. కోర్టులు కూడా అడిగిన ప్రతి కేసులో పరీక్షకు ఆదేశించవు.
* జబ్బుల విషయంలో కిట్ ఫలితం చూసి భయపడొద్దు. జెనెటిక్ కౌన్సెలింగ్ ఉన్న ఆసుపత్రిలో చూపించుకోండి.

పత్రాలు ఎప్పటికైనా ఏదో ఒక రికార్డు రూంలో దొరకొచ్చు. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవారి జ్ఞాపకాలకు మాత్రం నకలు ఉండదు. ఆఫీసుల చుట్టూ తిరగడానికి ముందు చేయాల్సిన పని అదే.